గోదావరి డెల్టా నుంచి గురుడి ఫోటో: టెలిస్కోపు, కెమెరా, నిలకడైన గాలి

కోనసీమలో టెలిస్కోపు కొన్నవాళ్లకి తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇక్కడేం కనిపిస్తుందండీ, అంతా తేమ, మంచు. ఏ అరకో వెళ్లాలి గానీ." పాలపుంతకీ, మసకగా ఉండే నెబ్యులాలకీ (అంతరిక్షంలోని వాయు మేఘాలకీ) ఆ మాట నిజమే. గ్రహాలకి మాత్రం కాదు. గురుడు, శని, కుజుడు బాగా వెలుగున్నవి. వీధిలైట్లు, రొయ్యల చెరువుల గట్ల మీది లైట్లు, చివరికి అంతర్వేది తీర్థం దీపాలు కూడా వాటి ఫోటోని పాడుచేయలేవు. పాడుచేసేది కదిలే గాలి. ఆ విషయంలో మన డెల్టాకి రెండు పెద్ద అనుకూలాలు ఉన్నాయి.

మొదటిది మనం ఉన్న అక్షాంశం. నరసాపురం నుంచి రాజమండ్రి దాకా 16.4 నుంచి 17 డిగ్రీల మధ్యే. గ్రహాలు నడిచే దారి మన నడినెత్తికి దగ్గరగా పోతుంది. గ్రహం దక్షిణపు కొసన ఉన్న ఏడాదిలో కూడా మనకి సుమారు 50 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. అదే రాత్రి లండన్‌లో అది 15 డిగ్రీలు దాటదు. 15 డిగ్రీల ఎత్తున చూసేవాళ్లు, నడినెత్తిన చూసేటప్పటి కంటే నాలుగు రెట్లకి దగ్గరగా గాలి పొరలోంచి చూడాలి. మనకి అది 1.3 రెట్లే. రెండోది జెట్ ప్రవాహం. శీతాకాలంలో గంటకి 150 కిలోమీటర్లు దాటే వేగంతో ఉత్తర భారతం మీదుగా పోయే ఆ పైగాలికి మనం మామూలుగా దక్షిణాన ఉంటాం.

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో ఉండే క్రిస్టఫర్ గో ప్రపంచంలో పేరున్న గ్రహ ఫోటోగ్రాఫర్లలో ఒకరు. సముద్రం, ఉక్క, తేమ, తుఫాన్లు, అక్కడ కూడా అన్నీ మనలాగే. గురుడి మీది ఓవల్ బీఏ అనే తెల్లటి తుఫాను ఎర్రబారిందని 2006లో గుర్తించింది ఆయనే. కాబట్టి ఊరు మారాల్సిన పని లేదు. మన గాలిని అర్థం చేసుకుంటే చాలు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

కాలం చూసుకోవడం

గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు మనకి దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. పొద్దు గుంకే వేళకి తూర్పున ఉదయించి, అర్ధరాత్రికి నడిమింటికి వస్తుంది. ఇంట్లో పంచాంగం ఉంటే ఈ రోజులు పట్టుకోవడం తేలిక. గురుడు వక్రంలో ఉండే కాలానికి దాదాపు మధ్యలో ఈ స్థితి వస్తుంది. గురు మూఢం అంటే గ్రహం సూర్యుడి వెలుగులో కలిసిపోయిన కాలం కాబట్టి, ఆ రోజుల్లో ముహూర్తాలూ ఉండవు, ఫోటోలూ ఉండవు. గురుడికి ఈ చక్రం సుమారు 399 రోజులు, శనికి 378, కుజుడికి 780.

శని 2026 అక్టోబరు మొదటి వారంలో, గురుడు 2027 ఫిబ్రవరి రెండో వారంలో, కుజుడు అదే ఫిబ్రవరి మూడో వారంలో సూర్యుడికి ఎదురుగా వస్తారు. ఆ ఫిబ్రవరిలో, అంతర్వేది కల్యాణానికి కాస్త ముందు, గురుడు మనకి నడినెత్తి మీదుగా దాటుతాడు. ఆ అవకాశం వదులుకోకండి. సరిగ్గా ఆ రోజే తీయాలని కూడా లేదు. ముందు రెండు నెలలు, తర్వాత రెండు నెలలు బాగానే ఉంటుంది.

మొదటి గ్రహంగా గురుణ్ణే ఎంచుకోండి. బిళ్ల పెద్దది, సుమారు 45 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). పట్టీలు, ఎర్రమచ్చ, ఉపగ్రహాల నీడలు, ఇలా రోజుకో కొత్త దృశ్యం. శని వలయాలు అందమైనవే గానీ వెలుతురు తక్కువ. కుజుడు 2027లో 14 ఆర్క్ సెకన్ల లోపే ఉంటాడు, కొత్తవాళ్లకి నిరాశ కలుగుతుంది.

ఏ పరికరాలు కావాలి

150 మిల్లీమీటర్ల వ్యాసమున్న న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు), 127 మిల్లీమీటర్ల మాక్సుటోవ్ (ముందు గాజు, వెనక అద్దం ఉన్న పొట్టి గొట్టం), 200 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ (చేత్తో జరిపే పెట్టె మీద కూర్చోబెట్టిన న్యూటోనియన్), వీటిలో ఏదైనా సరిపోతుంది. 70 మిల్లీమీటర్ల చిన్న గొట్టంతో కూడా రెండు ప్రధాన పట్టీలు, నాలుగు ఉపగ్రహాలు వస్తాయి. దానికి ఫోను చాలు. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) మీద ఫోను బిగించే హోల్డరు కొనుక్కుని, కెమెరాని ప్రో మోడ్‌లో పెట్టి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వీడియో తీయండి. ఆ వీడియోని కూడా కింద చెప్పబోయే పద్ధతిలోనే శుద్ధి చేయవచ్చు.

ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే గ్రహాల కోసమే చేసిన చిన్న కలర్ కెమెరా కొనండి. డీఎస్‌ఎల్‌ఆర్ కంటే ఇదే మేలు. కారణం వేగం. వేల ఫ్రేములు తీసి, వాటిలో గాలి నిలిచిన క్షణాల్లోవి మాత్రం ఏరి కలపడమే ఈ పద్ధతి కాబట్టి సెకనుకి వంద ఫ్రేములు తీయగలగాలి. కెమెరా ముందు అద్దం ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపకపోతే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టరు తప్పనిసరిగా పెట్టండి, లేకపోతే రంగులు చెదిరి బొమ్మ మెత్తబడుతుంది.

తర్వాత ఎంత పెద్దది చేయాలన్న లెక్క. కెమెరా పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని ఐదుతో గుణించండి. టెలిస్కోపు ఎఫ్-నిష్పత్తి (ఫోకల్ లెంగ్త్‌ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) దానికి దగ్గరగా ఉండాలి. 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కి ఇది 14.5. ఎఫ్/8 న్యూటోనియన్‌కి 2 ఎక్స్ బార్లో లెన్సు (ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసేది) పెడితే ఎఫ్/16, చక్కగా సరిపోయింది. 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ 2400 అవుతుంది, ఒక్కో పిక్సెల్‌కి పావు ఆర్క్ సెకను పడుతుంది, గురుడు 180 పిక్సెల్‌ల వెడల్పున వస్తాడు. ఎఫ్/12 మాక్సుటోవ్‌కి బార్లో అక్కర్లేదు. పెద్దగా కనిపించాలని 5 ఎక్స్ బార్లో పెడితే పెరిగేది మసకే. 150 మిల్లీమీటర్ల అద్దం ఎంత గట్టిగా ప్రయత్నించినా 0.77 ఆర్క్ సెకన్ల కంటే సన్నటి వివరాన్ని విడదీయలేదు.

గాలి చదవడం

ఒక రాత్రి ఫోటో బాగా వస్తుందా రాదా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. నిండుగా పారే పంటకాలువ అడుగున పడ్డ రూపాయి బిళ్ల ఎలా వంకర్లు తిరుగుతూ కనిపిస్తుందో, గాలి పొరల కింద ఉన్న మనకి గ్రహం అలా కనిపిస్తుంది. నీరు నిలకడపడితే బిళ్ల మీది అంకె చదవగలం.

ముందు కంటితో చూడండి. నడినెత్తి దగ్గర్లో ఉన్న నక్షత్రాలు మిణుకుమంటుంటే ఆ రాత్రి టెలిస్కోపు బయటికి తీసినా పెద్దగా లాభం లేదు. తుఫాను వెళ్లిపోయిన మర్నాడు ఆకాశం అద్దంలా కడిగేసి ఉంటుంది, అందరికీ ఉత్సాహం వస్తుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీచే ఆ రాత్రులు చూడడానికి బాగుంటాయి, గ్రహం మాత్రం ఉడుకుతున్నట్టు కదులుతుంది. కాస్త మసకగా, ఆకు కదలకుండా, నక్షత్రాలు మినుకు లేకుండా మందకొడిగా వెలిగే రాత్రి కోసం చూడండి. మన దగ్గర మాఘ, ఫాల్గుణాల్లో అలాంటి రాత్రులు చాలా వస్తాయి. వేసవిలో పైరగాలి తగ్గాక, అర్ధరాత్రి దాటాక కూడా దొరుకుతాయి.

ఇక చోటు. డాబా మీద పెట్టకండి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదకొండు, పన్నెండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడి మీ గొట్టం ముందు నుంచే పైకి లేస్తుంది. పెరట్లో మట్టి నేల, గడ్డి నేల మంచివి. గ్రహం ఉన్న దిక్కున రేకుల షెడ్డు గానీ, పక్కింటి శ్లాబు గానీ, ధాన్యం ఆరబోసిన సిమెంటు కళ్లం గానీ లేకుండా చూసుకోండి. నీళ్ల పక్కన మరీ మంచిది. దాళ్వా ఊడ్పులయ్యాక నీళ్లు నిలిచిన చేలు, ఏటిగట్టు, పెద్ద చెరువు గట్టు, ఇవి పగలు త్వరగా వేడెక్కవు, రాత్రి త్వరగా చల్లారవు. వాటి మీద గాలి పొర నెమ్మదిగా ఉంటుంది. ఏటిగట్టు మీద పెడితే గాలి నీటి మీద నుంచి మీవైపు వచ్చే చోటు ఎంచుకోండి. గట్టుకి కింద వెనకాల ఇళ్లు ఉంటే ఆ వైపు గ్రహాన్ని తీయకండి.

కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజులు, భోగి రోజు తెల్లవారుజాము, ఈ రెండూ పొగకి కాలం. ఆ రోజులు వదిలేయండి.

చోటు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. వెలుగున్న నక్షత్రాన్ని ఐపీస్‌లో పెట్టి ఫోకస్ కొద్దిగా తప్పించండి. గుండ్రటి చక్రం కనిపిస్తుంది. దాని మీద అలలు అన్నీ ఒకే దిక్కుకి వేగంగా పరుగెడుతుంటే అది పైగాలి, మీ చేతిలో లేదు. చక్రం ఒక పక్కకి పొగలాంటి తోక లేస్తుంటే గొట్టంలోనే వేడి ఉంది, ఇంకో అరగంట ఆగండి. అన్ని వైపులా మరుగుతున్నట్టు ఉంటే దగ్గర్లో ఏదో వేడి వదులుతోంది, నాలుగు గజాలు జరిపి చూడండి.

చల్లార్చడం, మంచు నుంచి కాపాడడం

టెలిస్కోపుని కనీసం ఒక గంట ముందు బయట పెట్టండి. ఏసీ గదిలో ఉంచిన టెలిస్కోపుని మన ఉక్కలోకి తెస్తే అద్దం మీద వెంటనే చెమ్మ పడుతుంది. దాన్ని గుడ్డతో తుడవకూడదు, మూత పెట్టి వేడెక్కనివ్వాలి. అందుకే ముందునుంచీ ఏసీ లేని గదిలో ఉంచడం మంచిది.

డిసెంబరు, జనవరిల్లో రాత్రి తొమ్మిది నుంచే మంచు కురుస్తుంది. మాక్సుటోవ్‌కి, లెన్సు టెలిస్కోపుకి ముందు గాజు తడిసిపోతుంది. నల్లటి యోగా మ్యాట్‌ని గొట్టంలా చుట్టి, టెలిస్కోపు వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడవున ముందుకి వచ్చేట్టు తొడిగితే రెండు మూడు గంటలు ఆగుతుంది. తర్వాత కూడా కావాలంటే 12 వోల్టుల డ్యూ హీటర్ పట్టీ చుట్టండి, తక్కువ వేడి మీదే.

పని అయ్యాక వెంటనే మూతలు పెట్టేయకండి. లోపలికి తెచ్చి, తడి ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో గాలి దూరని డబ్బాలో ఐపీస్‌లు, బార్లో, కెమెరా భద్రపరచండి. ఈ డెల్టాలో లెన్సులకి అసలు శత్రువు ఫంగస్. ఒకసారి గాజు మీద పెరిగితే పూతని తినేస్తుంది. సముద్రానికి దగ్గర్లో ఉంటే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. మౌంటు (టెలిస్కోపుని నిలబెట్టే స్టాండు) స్క్రూలకి పలచగా నూనె రాసి ఉంచండి.

మౌంటు నిలపడం

ఈక్వటోరియల్ మౌంటు, అంటే ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు పెట్టి గ్రహం వెంట తిప్పే స్టాండు, ఉన్నవాళ్లకి మన దగ్గర వచ్చే తలనొప్పి ధ్రువనక్షత్రం. అది ఇక్కడ కేవలం 16.5 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే నిక్కచ్చిగా కొబ్బరిచెట్ల మొవ్వుల వెనక. తోటల మధ్య ఉన్న ఇంటి నుంచి కనిపించనే కనిపించదు. గ్రహాలకి అంత కచ్చితత్వం అక్కర్లేదు కాబట్టి కంగారు పడనక్కర్లేదు. మౌంటు అక్షాంశం గీతని 16.5 మీద పెట్టి, దిక్సూచితో ఉత్తరం వైపు తిప్పండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, పట్టించుకోనక్కర్లేదు. దిక్సూచిని ఇనుప కాళ్లకి దూరంగా పట్టుకోండి. ఇంత తక్కువ అక్షాంశంలో బరువు దిమ్మె ఉన్న రాడ్డు ట్రైపాడ్ కాలికి తగిలే ప్రమాదం ఉంది. చీకటి పడకముందే ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకోండి.

డాబ్సోనియన్ ఉన్నవాళ్లు కూడా తీయవచ్చు. భూమి తిరగడం వల్ల గ్రహం సెకనుకి 15 ఆర్క్ సెకన్ల దాకా జరుగుతుంది. పైన చెప్పిన లెక్కలో అది 60 పిక్సెల్‌లు. 1280 పిక్సెల్‌ల వెడల్పు ఫ్రేము పెడితే ఒక అంచు నుంచి రెండో అంచుకి చేరడానికి సుమారు ఇరవై సెకన్లు. అంతసేపు రికార్డు చేయండి, మళ్లీ జరపండి, మళ్లీ చేయండి. అలా వచ్చిన ముక్కల్ని పిప్ అనే ఉచిత ప్రోగ్రాం గ్రహాన్ని మధ్యకి తెచ్చి ఒకటిగా కలుపుతుంది. గ్రహం సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు డాబ్సోనియన్‌ని కదపడం చాలా కష్టం, గంటన్నర ముందో తర్వాతో తీయండి.

అద్దాల వరస సరిచేయడం, అంటే కొలిమేషన్, ప్రతి రాత్రీ చూసుకోవాలి. మోటారు సైకిలు మీద చేలగట్ల దారిలో తెచ్చిన న్యూటోనియన్ వరస తప్పకుండా ఉండదు. పైన చెప్పిన నక్షత్ర పరీక్షలో చక్రంలో కనిపించే వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే సరే.

కెమెరా తగిలించే ముందు ఒక పది నిమిషాలు ఇంట్లోవాళ్లకీ, గట్టు మీద ఆగి "ఏంటండీ అది?" అని అడిగేవాళ్లకీ ఐపీస్‌లో గురుణ్ణి చూపించండి. ఆ కాసేపట్లో గొట్టం కూడా చల్లారుతుంది. పిల్లలకి నాలుగు ఉపగ్రహాల పేర్లు చెప్పండి: అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో.

రికార్డు చేయడం

డయాగొనల్ అద్దం (ఐపీస్ ముందు చూపుని పక్కకి తిప్పేది) ఉంటే తీసేసి కెమెరాని నేరుగా బార్లోకి తగిలించండి. డయాగొనల్ ఉంటే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ల్యాప్‌టాప్‌లో షార్ప్‌క్యాప్ గానీ ఫైర్‌క్యాప్చర్ గానీ (వీడియో రికార్డు చేసే ప్రోగ్రాములు) తెరవండి. ఫైలు రకం ఎస్ఈఆర్, 8 బిట్ రా. డాబ్సోనియన్ కాకపోతే ఫ్రేము 640 ఇంటూ 480కి తగ్గించండి, వేగం పెరుగుతుంది. గురుడికి ఎక్స్‌పోజర్ 8 నుంచి 10 మిల్లీసెకన్లు, శనికి 15 నుంచి 25. హిస్టోగ్రాం (వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫు) 60 శాతం దగ్గరికి వచ్చేట్టు గెయిన్ (కెమెరా సున్నితత్వం) పెంచండి. తెర మీద బొమ్మ గుల్లగా, చుక్కలుగా కనిపిస్తుంది. భయం లేదు, తర్వాత అదంతా పోతుంది. గెయిన్ తగ్గిద్దామని ఎక్స్‌పోజర్ 30 మిల్లీసెకన్లు చేస్తే మాత్రం గాలి కదలిక ప్రతి ఫ్రేములోకీ ఎక్కేస్తుంది, దాన్ని ఏ ప్రోగ్రామూ తీయలేదు.

ఫోకస్ దగ్గర తొందరపడకండి. గురుడి బిళ్లని చూసి ఫోకస్ చేయడం కష్టం, పక్కనున్న ఉపగ్రహం చూడండి. అది ఎంత చిన్న చుక్క అయితే ఫోకస్ అంత కుదిరినట్టు. శనికైతే వలయాల మధ్య నల్లటి కాసినీ సందు. ఫోకస్ నాబ్‌కి బట్టల క్లిప్పు ఒకటి బిగిస్తే, వేలితో కొసని మెల్లగా తడుతూ చాలా సన్నగా తిప్పవచ్చు, గొట్టం ఊగదు. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, ప్రతి రెండు మూడు వీడియోలకి ఒకసారి సరిచూడండి.

ఒక్కో వీడియో రెండు నిమిషాలు ఉండాలి, అంతకంటే పెద్దది వద్దు. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తాడు. బిళ్ల మధ్యలో ఉన్న ఏ మచ్చయినా నిమిషానికి దాదాపు పావు ఆర్క్ సెకను జరిగిపోతుంది. మూడు నిమిషాలు దాటితే 150 మిల్లీమీటర్ల టెలిస్కోపులో అది అలికినట్టు అవుతుంది. శనికి నాలుగైదు నిమిషాలు తీయవచ్చు.

సెకనుకి వంద ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలకి 12,000 ఫ్రేములు, సుమారు 3.7 జీబీ. డిస్కులో ఖాళీ ముందే చూసుకోండి, ఎస్ఎస్‌డీ, యూఎస్‌బీ 3 ఉండాలి. ఒక వీడియోతో ఆపకండి. గాలి పది నిమిషాలకోసారి మారుతుంది. అర్ధరాత్రి చుట్టూ వరసగా పది, పదిహేను తీస్తే వాటిలో ఒకటి రెండు మిగతావాటికంటే స్పష్టంగా వస్తాయి. ఆ ఒకటి రెండే మీ ఫోటో.

ఫ్రేముల నుంచి ఫోటో

ఆటోస్టాకర్ట్ అనే ప్రోగ్రాంలో వీడియో తెరిచి, ప్లానెట్ ఎంచుకుని, అనలైజ్ నొక్కండి. అది ఫ్రేములన్నిటినీ నాణ్యత వరసలో పేరుస్తుంది. గాలి నిలకడగా ఉన్న క్షణాలు పైన ఉంటాయి. పై నుంచి 20 శాతం తీసుకోండి. గాలి బాగా లేని రాత్రి 10 శాతమే. 12,000లో 2,400 ఫ్రేములు కలిపితే చుక్కల గోల దాదాపు 49 రెట్లు తగ్గుతుంది, ఎందుకంటే అది ఫ్రేముల సంఖ్య వర్గమూలం ప్రకారం తగ్గుతుంది. బిళ్ల మీద అలైన్‌మెంట్ పాయింట్లు (ఫ్రేముల్ని ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చే గుర్తులు) మధ్యరకం సైజులో పరచండి. డ్రిజిల్ (బొమ్మని పెద్దది చేసే ఆప్షన్) వద్దు. టిఫ్ ఫైలుగా భద్రపరచండి.

ఆ ఫైలు చూడగానే మసకగా, మెత్తగా ఉంటుంది. వివరమంతా లోపలే ఉంది. రిజిస్టాక్స్ అనే ప్రోగ్రాంలో వేవ్‌లెట్ (సన్నటి వివరాల్ని తేల్చే) స్లైడర్లతో దాన్ని బయటికి తీయాలి. మొదటి రెండు స్లైడర్లు నెమ్మదిగా జరపండి. పట్టీల అంచుల్లో ముడులు, ఎర్రమచ్చ చుట్టూ వంపులు తేలతాయి. ఇక్కడే చేయి ఆపుకోవడం తెలియాలి. బిళ్ల అంచు లోపల ఇంకో సన్నటి గీత పుట్టినా, పట్టీల పక్కన నల్లటి నీడ వచ్చినా, ఇసుక చల్లినట్టు రేణువులు లేచినా హద్దు దాటినట్టే. స్లైడరు వెనక్కి తెచ్చి, మర్నాడు పగటి వెలుతురులో మళ్లీ చూడండి. నా అభిప్రాయంలో కాస్త మెత్తగా వదిలేసిన గురుడే నిజమైన గురుడికి దగ్గరగా ఉంటాడు.

చివరగా ఆర్‌జీబీ అలైన్‌తో రంగుల్ని కలపండి. మనకి గ్రహం ఎత్తున ఉంటుంది కాబట్టి అంచుల్లో ఎరుపు, నీలం విడిపోవడం తక్కువే. వరసగా తీసిన వీడియోలు నాలుగైదు బాగా వస్తే విన్‌జూపోస్ అనే ఉచిత ప్రోగ్రాం గ్రహం తిరిగిన మేరకి సరిచేసి వాటిని ఒకటిగా కలుపుతుంది. ఇది రెండో ఏడాది నేర్చుకోవచ్చు.

పేరు పెట్టడం, పంపడం

ఫోటోకి సమయం లేకపోతే దానికి శాస్త్రంలో విలువ లేదు. వీడియో మధ్య క్షణాన్ని అంతర్జాతీయ సమయంలో రాయాలి, అంటే మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. ఫిబ్రవరి 11 అర్ధరాత్రి 12 గంటలకి తీసినది 2027-02-10-1830 అవుతుంది, తేదీ కూడా వెనక్కి వెళ్తుంది. ల్యాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో ఆ సాయంత్రమే సరిచూసుకోండి. టెలిస్కోపు రకం, వ్యాసం, ఫిల్టరు, ఊరు, గాలి ఎలా ఉందో ఒక మాట, ఇవి ఫోటో పక్కన రాయండి. ఉత్తరం పైకి ఉండేట్టు తిప్పండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, గురుడి మీద ప్రతి రాత్రీ కాపలా కాసేంత సమయం పెద్ద అబ్జర్వేటరీలకి ఉండదు. 2009 జూలైలో గురుణ్ణి ఏదో వస్తువు ఢీకొట్టి నల్లమచ్చ పడితే, మొదట చూసింది ఆస్ట్రేలియాలో తన ఇంటి పెరట్లో వీడియో తీస్తున్న ఆంథనీ వెస్లీ అనే ఔత్సాహికుడు. ఆల్పో (చంద్రుణ్ణి, గ్రహాల్ని గమనించేవాళ్ల సంఘం), ఆల్పో-జపాన్, బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి ఫోటోలు తీసుకుని భద్రపరుస్తాయి. జపాన్‌లో గురుడు పడమటికి వాలిపోయాక, యూరప్‌లో ఇంకా పైకి రాకముందు, మన నెత్తిన ఉండే గంటలు కొన్ని ఉన్నాయి. సమయం, టెలిస్కోపు వివరాలు సరిగ్గా ఉంటే 150 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో తీసిన ఫోటో కూడా పంపవచ్చు.